అన్నం దగ్గర కూర్చోగల థెరపిస్టులు కావాలి

తిండి, ఒంటి బరువుల చుట్టూ అల్లుకునే మానసిక వ్యాధులైన ఈటింగ్ డిజార్డర్లకు చికిత్స చేయడానికి మాట నేర్పు, జాలిగుండె ఉంటే చాలనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. మానసిక వ్యాధుల్లో మరణాల రేటు అత్యధికంగా ఉన్నవాటిలో, తిండి మానేసి ప్రమాదకరంగా చిక్కిపోయే అనొరెక్సియా ఒకటి. చాలాకాలం తిండి మానేసిన వ్యక్తికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. తిన్నది పదేపదే కక్కేసే బులీమియా రోగిలో, బరువు మామూలుగానే కనిపిస్తున్నా, పొటాషియం తగ్గి గుండె లయ తప్పవచ్చు. రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో, కౌన్సెలింగ్ ఆపి ఆస్పత్రికి ఎప్పుడు పంపాలో తెలియడం ఈ వృత్తికి మొదటి అర్హత.

క్లినికల్ సైకాలజిస్టుకు గుర్తింపు పొందిన చదువు ఉండాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఆ చదువులో ఎన్నో వ్యాధుల మధ్య ఈటింగ్ డిజార్డర్లు ఒకటి మాత్రమే కాబట్టి, అసలు నైపుణ్యం ఆ తర్వాత అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కేసులు చూస్తూ సంపాదించుకోవలసిందే. ఆక్స్‌ఫర్డ్‌లో సైకియాట్రిస్టు ఫెయిర్‌బర్న్ రూపొందించిన సీబీటీ-ఈ పద్ధతిలో (తిండి, ఒంటి గురించిన ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స ఇది) బరువు బాగా తగ్గినవారికి సుమారు 40 సెషన్లు పడతాయి. అంత ఓపిక పట్టవలసిన పని వారాంతపు సర్టిఫికెట్ కోర్సుతో ఎలా అబ్బుతుంది? పైగా సన్నబడితే మెచ్చుకునే ఈ సమాజంలోనే థెరపిస్టు కూడా పెరిగారు. తిండి గురించి, ఒంటి గురించి తనలో ఉన్న భయాలను కూడా పర్యవేక్షకుల ముందు పరిశీలించుకోక తప్పదు.

కౌమార వయస్కుల అనొరెక్సియాకు లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రిలో రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్సలో, బిడ్డ ఏం తినాలో, ఎంత తినాలో మొదట తల్లిదండ్రులే నిర్ణయిస్తారు. కోలుకునే కొద్దీ ఆ బాధ్యతను బిడ్డకు తిరిగి అప్పగిస్తారు. కలిపి ముద్దలు పెట్టే అలవాటున్న మన ఇళ్లకు ఇది అనువైనదే అనిపించినా చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. అమ్మ బతిమాలుతుంది, నాన్న గద్దిస్తాడు, నానమ్మ దిష్టి తీయమంటుంది. ఆ ముగ్గురినీ తప్పుపట్టకుండా ఒక్క మాట మీదికి తీసుకురావడం పుస్తకాలు చదివితే వచ్చే విద్య కాదు. పైగా భారతదేశంలోనూ, హాంకాంగ్‌లోనూ వైద్యులు గమనించినట్లు, చాలామంది రోగులు లావవుతామన్న భయం గురించి మాట్లాడనే మాట్లాడరు. ఆకలి లేదని, కడుపు ఉబ్బరంగా ఉందని అంటారు. శనివారం ఉపవాసం వారంలో మూడు రోజులకు ఎప్పుడు పాకిందో అడగడం థెరపిస్టుకు తెలియాలి.

జబ్బుపడిన అమ్మాయి ఇంటర్ హాస్టల్లో ఉంటే ఇంటి భోజనమే లేదు. నీట్, జేఈఈ దగ్గరపడుతున్నా కొన్ని నెలలు ఇంటికి తీసుకురావాలని తల్లిదండ్రులకు తడబడకుండా చెప్పగలిగేది, వెనుక ఫిజీషియన్, సైకియాట్రిస్టు, డైటీషియన్‌లతో కూడిన బృందం ఉన్న థెరపిస్టే. అటువంటి బృందాల్లో శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల్లో జరగాలి. జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలకు ఖర్చు భరించగలిగే చోట్లు అవే.