చీకటి గదిలో పెట్టి తలుపేస్తే భయం పోతుందా?

ఫ్యామిలీ గ్రూపుల్లో మళ్ళీ ఆ ఫార్వర్డ్ తిరుగుతోంది. "మా కాలంలో పిల్లలకి యాంగ్జైటీలూ గీంగ్జైటీలూ లేవు, రెండు తగిలిస్తే పోయేవి. చీకటంటే భయమా, చీకటి గదిలోనే ఓ గంట ఉంచండి. స్కూలుకి టైమయ్యేసరికి కడుపునొప్పి అంటే నాటకం. సైకాలజిస్టు దగ్గరికెళ్తే జీవితాంతం మందులే." ఇదీ సారాంశం.

మా కాలంలో లేవంట. మరి పిల్ల జడుసుకుందని దర్గాకీ ఆంజనేయస్వామి గుడికీ తీసుకెళ్ళి తాయెత్తులు కట్టించింది ఎవరికండీ? అన్నం తినకపోతే బూచాడొస్తాడని బెదిరించిందీ మనవాళ్ళే. భయాలు అప్పుడూ ఉన్నాయి, చెబితే తన్నులు పడతాయని పిల్లలు నోరు మూసుకున్నారు, అంతే.

ఇక చీకటి గది. ఇందులో సగం నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. భయపడేదానికి దూరంగా పారిపోతే భయం పెరుగుతుందన్నది కరెక్టే. కానీ దానికి మందు తలుపు గడియ పెట్టడం కాదు. 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు, కుందేలంటే వణికిపోయే పీటర్ అనే మూడేళ్ళ లోపు పిల్లాడితో పనిచేసి చూపించింది, వాడు ఇష్టమైనది తింటుంటే కుందేల్ని బోనులో పెట్టి దూరంగా ఉంచి, వాడు తట్టుకున్న కొద్దీ కాస్త కాస్త దగ్గరికి తెచ్చింది, చివరికి వాడు దాన్ని చేత్తో ముట్టుకుని ఆడుకున్నాడు. మన ఇంట్లో అయితే ముందు తలుపు తీసి పెట్టి అమ్మ హాల్లో కూర్చోవడం, తర్వాత తలుపు సగం వేయడం, ఆ తర్వాత బెడ్ లైట్ ఒక్కటే. ఇవాళ ఎంతవరకు అనేది పిల్లాడిని అడిగే డిసైడ్ చేయాలి. బలవంతంగా గదిలో వేస్తే గుండె దడదడలాడుతూ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకుంటాడు, మీరేమో భయం పోయిందనుకుంటారు, వాడేమో ఇంకెప్పుడూ మీకు చెప్పకూడదని ఫిక్స్ అవుతాడు.

కడుపునొప్పి నాటకం కాదు, టెన్షన్ పడితే కడుపులో నిజంగానే తిప్పుతుంది, పెద్దవాళ్ళకి ఇంటర్వ్యూ ముందు బాత్రూం గుర్తురావట్లేదా? ముందు డాక్టర్ కి చూపించి వేరే జబ్బేం లేదని తేల్చుకోండి. ఆదివారం రాని నొప్పి సోమవారం పొద్దున్నే వస్తుంటే క్లాసులో ఏం జరుగుతోందో, ఎవరైనా ఏడిపిస్తున్నారేమో మెల్లగా అడగండి. అలాగని నొప్పి అన్నప్పుడల్లా స్కూలు మాన్పించకండి, అది ఈ ఫార్వర్డ్ కి రివర్స్ తప్పు. "నీకు భయంగా ఉంది, నాకు తెలుసు, అయినా నువ్వు వెళ్ళగలవు" అని, కుదిరితే మొదట్లో గేటు దాకా తోడు వెళ్ళండి.

మందుల సంగతి. 2008లో అమెరికాలో యాంగ్జైటీతో బాధపడే, 7 నుంచి 17 ఏళ్ళ వయసున్న 488 మంది మీద చేసిన పెద్ద స్టడీలో, మందు లేకుండా సీబీటీ అనే మాటల థెరపీ తోనే దాదాపు 60 శాతం మంది బాగా తేరుకున్నారు, మందు ఒక్కటే ఇస్తే 55, రెండూ కలిపితే 81, ఉత్తుత్తి మాత్రకి 24. అంటే మందే మొదటి మెట్టు కానక్కర్లేదు, అవసరమైతే వాడటం తప్పూ కాదు, డాక్టర్ చెప్పకుండా మొదలెట్టడం, ఆపడం మాత్రం వద్దు.

భయం వారాల తరబడి వదలకుండా నిద్ర, తిండి, స్కూలు దెబ్బతింటుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.