సవరణ: ‘ఎ డే ఆఫ్ ఫాలెన్ నైట్’ కొనసాగింపు కాదు

సమంతా షానన్ ఫాంటసీ నవల ‘ది ప్రయరీ ఆఫ్ ది ఆరెంజ్ ట్రీ’ (2019) గురించి ఇంతకుముందు రాసినప్పుడు, 2023లో వచ్చిన ‘ఎ డే ఆఫ్ ఫాలెన్ నైట్’ దానికి రెండో భాగమని, మొదటి నవలలోని రాణి సబ్రాన్ కథ అందులో కొనసాగుతుందని చెప్పాను. అది తప్పు. ప్రచురణకర్తల పరిచయం ప్రకారం ఆ పుస్తకం పూర్వకథ. మొదటి నవలకు దాదాపు ఐదు శతాబ్దాల ముందు, వేరే పాత్రలతో జరుగుతుంది, కాబట్టి దేనికదే విడిగా చదువుకోవచ్చు. అయినా 2019 నవలతోనే మొదలుపెట్టమని నా సలహా, ఎందుకంటే మహాశత్రువైన డ్రాగన్‌ను ఓడించింది గాలియన్ అనే వీరుడని ఒక రాజ్యం, కాదు క్లియోలిండ్ అనే స్త్రీయేనని మరో సంప్రదాయం నమ్మడంలోని సంఘర్షణ, అంటే డ్రాగన్‌ను చంపి రాజకుమారిని కాపాడిన సెయింట్ జార్జి గాథను తిరగరాసిన ఆ మూల ఆలోచన, అక్కడే పూర్తి బలంతో కనిపిస్తుంది.

అదే పాత వ్యాసంలో ‘డ్రాగన్లపై యుద్ధం’ అన్న నా మాటను కొందరు పాఠకులు డ్రాగన్లన్నీ దుష్టశక్తులేనన్న అర్థంలో తీసుకున్నారు. పశ్చిమ దేశాలను వణికించేవి నిప్పులు కక్కే జాతి మాత్రమే. తూర్పున డ్రాగన్లు నీటికి చెందినవి, పూజలందుకునేవి. వాటిపై స్వారీ చేసే యోధురాలు కావాలన్నదే తూర్పు దేశపు పాత్ర టానే జీవితాశయం. ఆ తేడాను నేను మొదటే స్పష్టంగా రాయవలసింది, ఎందుకంటే ఎనిమిది వందల పేజీలు దాటిన ఈ కథలో తూర్పు పడమరల మధ్య అపనమ్మకమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.