ఆస్పిరిన్‌తో డిప్రెషన్ రాదంటూ ఫార్వర్డ్ చేస్తున్నవాళ్ళకి

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది అదే మెసేజ్. "60 దాటినవాళ్ళు రోజూ చిన్న ఆస్పిరిన్ బిళ్ళ వేసుకుంటే మెదడులో ఇన్‌ఫ్లమేషన్ (వాపు లాంటిది) తగ్గి డిప్రెషన్ రాదు, సైడ్ ఎఫెక్ట్స్ లేవు, పరగడుపున నిమ్మరసంతో వేసుకోవాలి, డాక్టర్లు ఈ సంగతి దాస్తున్నారు" అని. మూడుసార్లు ఊరుకున్నా, నిన్న మా పెద్దమ్మ ఫోన్ చేసి "నాన్నా, ఆ బిళ్ళ ఎన్నాళ్ళు వేసుకోవాలి" అని అడిగింది.

నిమ్మరసం సంగతి వదిలేద్దాం. డాక్టర్లు దాచారన్నది కూడా అబద్ధమే, ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది పెద్దవాళ్ళని పెట్టి చేసిన ఆస్ప్రీ అనే ట్రయల్లో ఈ ప్రశ్న కూడా చూశారు, దాదాపు అందరూ 70 దాటినవాళ్ళే. సగంమందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, సగంమందికి మందులేని బిళ్ళ ఇచ్చి నాలుగున్నరేళ్ళ పైన చూస్తే డిప్రెషన్ రెండువైపులా ఇంచుమించు ఒకేలా వచ్చింది. 2020లోనే అచ్చయింది.

ఇక "సైడ్ ఎఫెక్ట్స్ లేవు". ఈ మాట రాసినవాళ్ళ మీద నాకు నిజంగా కోపం. అదే ట్రయల్లో ఆస్పిరిన్ వాళ్ళలో వెయ్యికి 38 మందికి సీరియస్ బ్లీడింగ్ అయింది, మిగతావాళ్ళలో 28 మందికి. అంటే కడుపులోనో తలలోనో రక్తం కారడం, చిగుళ్ళలోంచి కాదు! మా పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులకి ఇప్పటికే పెయిన్ కిల్లర్ వేసుకుంటోంది, దానిమీద ఇది కూడా వేస్తే కడుపులో పుండుపడి రక్తం కారే రిస్క్ ఇంకా పెరుగుతుంది. డిప్రెషన్‌కి వాడే చాలా మాత్రలతో కలిపినా అంతే, అంటే ఎవరికోసమని ఈ మెసేజ్ పంపుతున్నారో వాళ్ళకే ఎక్కువ ప్రమాదం. విరేచనం తారులా నల్లగా వస్తే కడుపులో రక్తం కారుతోందేమోనని మీ అమ్మకి తెలుసా, చెప్పారా ఫార్వర్డ్ కొట్టేముందు? అలాగని స్టెంట్ వేశాకో గుండెపోటు వచ్చాకో డాక్టర్ రాసిచ్చిన ఆస్పిరిన్ ఎవరూ ఆపకండి, అది వేరే లెక్క.

ఇన్‌ఫ్లమేషన్‌కీ డిప్రెషన్‌కీ సంబంధం ఉందన్నది మాత్రం పూర్తిగా కట్టుకథ కాదు, ఒప్పుకుంటా. 2013లో మందులకి లొంగని డిప్రెషన్ ఉన్న 60 మంది మీద ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ట్రయల్ చేస్తే మొత్తమ్మీద లాభం లేదు గానీ, రక్తంలో సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పెరిగే ప్రొటీన్) బాగా ఎక్కువున్న కొందరికి పనిచేసినట్టు కనిపించింది. అది జబ్బు ఉన్నవాళ్ళలో కొందరి సంగతి, జబ్బు రాకుండా ఊళ్ళో పెద్దలందరికీ బిళ్ళలు పంచడం కాదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. పెద్దనాన్న పోయాక పెద్దమ్మకి నిద్ర పట్టట్లేదని, తిండి తగ్గిందని ఆ మెసేజ్ పుణ్యమా అనే నాకు తెలిసింది, నేనెప్పుడూ అడగలేదు. బిళ్ళ వద్దన్నాను, శనివారం తనని సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్తున్నా.