అమ్మ తోట ఒక్కటే, పన్ను మాత్రం రెండు రకాలు

ఈ ఉదయం అమలాపురంలో ఆడిటర్ గారి బల్ల మీద రెండు కాగితాలు చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఒకటి నాది, ఒకటి మా తమ్ముడిది. అమ్మినది ఒకే తోట. ఒకే రోజు, ఒకే రిజిస్ట్రేషను, చెరి సగం డబ్బు. నేను కట్టవలసిన పన్ను 1,42,200 రూపాయలు. వాడు కట్టవలసింది 1,87,500. సెస్సు దీని మీద వేరే. లెక్క ఎక్కడో తప్పింది, మళ్లీ చూడండి అన్నాను. ఆయన కాగితం వైపు చూడను కూడా చూడలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "తప్పు కాదమ్మా. మీరు ఇక్కడ ఉన్నారు, ఆయన కువైట్‌లో ఉన్నారు. అదే తేడా" అన్నారు.

ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి, ఆ తల్లి వదిలి వెళ్లిన ఒకే ఎకరం మీద రెండు రకాల పన్ను! నాకు కోపం రాదా? మీకు రాదా?

లెక్క చెబుతాను, ఎందుకంటే రేపు మీ ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. ఎకరం కొబ్బరి తోట 36 లక్షలకు అమ్మాము. డ్రెయిను పక్కన ఉంది, వర్షాకాలంలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, అందుకే ధర అంతకు మించి పలకలేదు. చట్టం కొన్న ధరగా తీసుకునే 2001 నాటి విలువ ఆరు లక్షలు. అంటే ఒక్కొక్కరి వాటాలో మూడు లక్షల ఆస్తి పద్దెనిమిది లక్షలు అయింది. ఈ ఇరవై మూడేళ్లలో రూపాయి విలువ ఎంత పడిపోయిందో ప్రభుత్వమే ఒక సూచీ వేసి చెబుతుంది. 2001-02లో 100, 2024-25లో 363. ఆ లెక్కన నా మూడు లక్షలు 10.89 లక్షలు అవుతాయి. మిగిలిన 7.11 లక్షల మీద 20 శాతం కడతాను. తమ్ముడికి ఆ సూచీ లేదు. వాడి మూడు లక్షలు మూడు లక్షలే. పదిహేను లక్షలూ లాభమే అని, దాని మీద 12.5 శాతం. ఇద్దరికీ తేడా 45,300 రూపాయలు. అక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా చేస్తున్న మా వాడికి అది నెల జీతం కంటే ఎక్కువ.

ఇదంతా 2024 జూలై 23న మొదలైంది. ఆ రోజు బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు భూములు, ఇళ్ల అమ్మకం మీద పన్నును 20 నుంచి 12.5 శాతానికి తగ్గిస్తూ, సూచీ ప్రకారం కొన్న ధరను పెంచి చూపుకునే వెసులుబాటును అదే రోజు నుంచి తీసేశారు. ఇది పన్నుల విధానాన్ని సరళం చేయడమేనని, సగటున చూస్తే పన్ను తగ్గిందని ఆమె చెప్పారు. సగటు మాట నాకు చెప్పవద్దు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరును నేను. ఊళ్లో ఒకడికి పది ఎకరాలు, తొమ్మిది మందికి సెంటు భూమి లేకపోతే సగటున తలా ఒక ఎకరం ఉన్నట్టే. ఆ తొమ్మిది మందికి ఆ ఎకరం కూడు పెడుతుందా? రియల్ ఎస్టేటు వేడి మీద ఉన్నచోట ఇరవై రెట్లు పెరిగిన స్థలానికి 12.5 శాతం లాభమే. మా తోటలా ఆరు రెట్లు పెరిగినదానికి నష్టం. తక్కువ పెరిగినవాడి మీద ఎక్కువ బరువు వేసి, దాన్ని సరళం అంటే నేను ఒప్పుకోను.

దేశమంతా గగ్గోలు పెట్టాక ఆగస్టులో సవరణ తెచ్చారు. జూలై 23 కంటే ముందు సంపాదించిన భూమి అయితే రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అది కట్టవచ్చు అన్నారు. మంచిదే, నేను దానితోనే బయటపడ్డాను. కానీ అందులో ఒక్క మాట పెట్టారు: దేశంలో నివసించేవారికి, ఉమ్మడి హిందూ కుటుంబాలకు మాత్రమే అని. ఆ ఒక్క మాట దగ్గర మా తమ్ముడు బయట ఉండిపోయాడు.

ప్రవాస భారతీయుడు అనగానే అందరి కళ్లకూ అమెరికాలో పెద్ద ఇల్లు, డాలర్లు కనిపిస్తాయి. మా కోనసీమలో ఆ మాటకు వేరే అర్థం ఉంది. గల్ఫ్‌కు వంటపనికి వెళ్లిన ఆడపిల్లలు, డ్రైవర్లు, తాపీ పనివాళ్లు. మా వాడు ఇష్టపడి వెళ్లాడా? నాలుగు ఎకరాలు కౌలుకు చేసేవాడు. 2011 సార్వాలో కోనసీమ రైతులు గిట్టుబాటు ధర లేదని పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టినప్పుడు వాడూ నాగలి పక్కన పెట్టాడు. ఆ మరుసటి ఏడాదే విమానం ఎక్కాడు. వ్యవసాయం కూడు పెట్టక దేశం దాటినవాణ్ణి, దేశం దాటావు కాబట్టి ఎక్కువ కట్టు అంటున్నారు. రెండేళ్లకు ఒకసారి నలభై రోజులు వస్తాడు. ఏడాదికి 182 రోజులు ఇక్కడ ఉంటే వాడూ నివాసే అట. అన్ని రోజులు ఇక్కడ ఉండగలిగితే వాడు అక్కడికి ఎందుకు వెళ్తాడు!

పల్లెటూరి వ్యవసాయ భూమికి అసలు పన్నే లేదు కదా అని మీలో ఎవరైనా అడుగుతారు. నేనూ అదే ధైర్యంతో ఉన్నాను. పది వేల నుంచి లక్ష లోపు జనాభా ఉన్న మున్సిపాలిటీకి రెండు కిలోమీటర్ల లోపు ఉంటే అది పల్లెటూరి భూమి కాదట. మా తోట నుంచి పట్టణానికి వెళ్లాలంటే కాలువ గట్టు మీద నడిచి, వంతెన దాటి, మళ్లీ వెనక్కి రావాలి. మూడు కిలోమీటర్ల పైమాటే. అమ్మ కొబ్బరికాయల బుట్ట నెత్తిన పెట్టుకుని అంత దూరమూ నడిచేది. కానీ 2013లో చట్టం మార్చి, దూరాన్ని గాలిలో తిన్నగా కొలవాలన్నారు. కాలువ మీదుగా గీత గీస్తే రెండు కిలోమీటర్ల లోపే వచ్చింది. కాకులకు రాయవలసిన చట్టం అది. కాలువలు, పాయలు, లంకలు ఉన్న డెల్టాలో మనుషులు గాలిలో నడుస్తారా?

ఆర్థిక మంత్రి గారు పరాయి మనిషి అయితే ఇంత బాధపడేదాన్ని కాదు. వశిష్ఠ ఒడ్డున ఉన్న నరసాపురం ఆమె అత్తవారి ఊరు. సముద్రం కోసుకుపోతున్న పెదమైనవానిలంకను దత్తత తీసుకున్నారు. ఆ తీరంలో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి ఉంటుందా?

అసలు నా కోపం ఈ ఒక్క బడ్జెట్ మీద కూడా కాదు. భూమి అంటే ఢిల్లీకి ఎప్పుడూ చులకనే. 2004 అక్టోబరు నుంచి 2018 మార్చి వరకు షేర్లు ఏడాది దాటాక అమ్ముకున్నవాడు లాభం మీద ఒక్క రూపాయి కట్టలేదు. చిదంబరం గారు ఇచ్చిన వరం అది. 2018లో జైట్లీ గారు మళ్లీ పన్ను వేసినప్పుడు కూడా ఆ జనవరి 31 వరకు పెరిగిన విలువను ముట్టుకోలేదు. ఇప్పటికీ వాళ్లకు ఏటా 1.25 లక్షల దాకా మినహాయింపు ఉంది. భూమి అమ్మినవాడికి అది లేదు. షేర్లకు అంత గడువు, అంత మర్యాద. మాకు మాత్రం మధ్యాహ్నం ప్రసంగం ముగిసేసరికి అంతా అయిపోయింది. మళ్లీ వ్యవసాయ భూమి కొంటే మినహాయింపు వస్తుందని ఆడిటర్ గారు అన్నారు. అమ్మ ఆసుపత్రి అప్పు తీర్చడానికి భూమి అమ్మినవాళ్లం, మళ్లీ దేనితో కొంటాం?

ఆ 2001 విలువ సంగతి కూడా చెప్పనివ్వండి, ఇది నా గుండెలో ఎప్పటి నుంచో ఉంది. 1996 నవంబరు తుపానులో మా తోటలో ఒక్క రాత్రిలో చెట్లన్నీ పోయాయి. తెల్లవారేసరికి మొవ్వులు విరిగి, వేళ్లు పైకి లేచి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అమ్మ వాటి మధ్య నిలబడి ఏడవలేదు. దుంగలు తీయించడానికి మూడు నెలలు పట్టింది. తర్వాత గోతులు తీసి, ఒండ్రు మట్టి పోసి, కొత్త మొక్కలు పెట్టింది. ఎండాకాలమంతా కాలువ నుంచి బిందెలతో నీళ్లు మోసింది. తమ్ముడు బడి నుంచి రాగానే రెండో బిందె వాడిది. 2001 ఏప్రిల్ 1 నాటి విలువే కొన్న ధర అంటుంది చట్టం. అంతకు ముందు తోట బాగు కోసం పెట్టిన ఖర్చు లెక్కలోకి రాదట. ఆ రోజుకు ఆ మొక్కలు ఇంకా ఒక్క గెల కూడా వేయలేదు. కాపు లేని తోటకు ఎంత విలువ రాస్తారు? ఆ బిందెలు మోసిన పిల్లవాడి మీద ఇప్పుడు 45,300 రూపాయలు ఎక్కువ పన్ను.

ఆ తేడా నా వాటాలోంచి ఇస్తానన్నాను. "వద్దక్కా, చట్టం అంటే చట్టమే, కట్టేస్తాను" అన్నాడు ఫోనులో. వాడు కడతాడు, నాకు తెలుసు. నేను మాత్రం ఊరుకోను. ఈ రాత్రికే ఆర్థిక మంత్రి గారికి తెలుగులో ఉత్తరం రాసి, ఈ రెండు కాగితాల నకళ్లు జతచేసి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. 2024 ఆగస్టు సవరణలోంచి 'నివాసి' అన్న మాట తీసేయండి అని అడుగుతున్నాను. గల్ఫ్‌లో మనిషి ఉండి, ఊళ్లో ఉమ్మడి భూమి ఉన్నవాళ్లు మీరూ రాయండి.