అయ్యా లీవూ, ఉంటారా, వెళ్తారా?

మహారాజశ్రీ లీవ్ గారికి, విశాఖపట్నం నుంచి ఒక గుమస్తా నమస్కరించి రాయునది.

మీరు క్రియాపదమని ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ మాస్టారు చెప్తే నమ్మాను. ఏ క్రియో ఇప్పటికీ తేలలేదు. 'ఐ లెఫ్ట్ ది హౌస్' అంటే నేను వెళ్ళిపోయాను, ఇల్లు ఉండిపోయింది. 'ఐ లెఫ్ట్ సమ్ రైస్' అంటే అన్నం మిగిలింది, నేనూ కంచం ముందే ఉన్నాను. పాత ఇంగ్లిష్‌లో మీ పని మిగల్చడమేనట. వెళ్ళిపోవడం తర్వాత అబ్బిన బుద్ధి.

సరే, వెళ్ళండి. ఎటో చెప్పొచ్చు కదా? హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బావ మొన్న 'లీవింగ్ వైజాగ్ టుడే' అని మెసేజ్ పెట్టాడు. మధ్యలో 'ఫర్' ఉంటే ఇటు బయల్దేరినట్టు, లేకపోతే ఇక్కణ్ణుంచి పోతున్నట్టు. 'ఇంకెక్కడికెల్తారు, వస్తన్నార్లే' అని అక్క వంజరం తెప్పించి పులుసు పెట్టేసింది. పొద్దున్నే గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగాడు.

మాలో గడప దాటేవాడు 'వెళ్ళొస్తాను' అంటాడు. నోరుజారి 'పోతున్నా' అన్నాడో, గుమ్మంలోనే చీవాట్లు (వెనక్కి పిలిస్తే అదో అపశకునం). మీకా మర్యాద లేదు. ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్న పేరు పక్కన 'లెఫ్ట్' అని పడిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఆఫీసులో మీది నామవాచకం వేషం. దాని పుట్టుక వేరు, అసలర్థం అనుమతి. మా 'సెలవు'కీ అదే అర్థం, ఈ ఒక్కచోట మనకు పొత్తు కుదిరింది. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని బళ్ళో నేర్చిన ఉత్తరమే ఇప్పటికీ రాస్తున్నాను. ఏడాదికి 15 సీయెల్లు, అంటే క్యాజువల్ లీవులు. డిసెంబరు 31 దాటితే మురిగిపోతాయి గనక నెలాఖరులో సెక్షనంతా ఒకేసారి జ్వరపడుతుంది. ఈయెల్ (ఎర్న్‌డ్ లీవ్) తమాషా వేరు. వాడకుండా దాచుకుంటే సరెండర్ చేసి డబ్బు చేసుకోవచ్చు. అంటే ఎక్కడికీ వెళ్ళకపోవడానికీ మీ పేరే!

నా సరెండర్ బిల్లు పెట్టి చాన్నాళ్ళయింది. అడిగితే 'ఫైల్ లెఫ్ట్ సార్' అన్నారు. బల్ల మీదే మిగిలిపోయిందా, బల్ల వదిలి బయల్దేరిందా? ఏ సంగతో తమరే సెలవియ్యండి.