బట్టీ ముందు నిలబడేది అతను, పరీక్షలన్నీ మా చెల్లికా?

నిన్న చుట్టాలింట్లో సీమంతం. మా పిన్ని కూతురు గాజుల పళ్లెం అందుకోబోతే ఓ పెద్దావిడ "నువ్వాగమ్మా, పిల్లల తల్లులు తొడుగుతారు" అంది. అందరి ముందూ! నాకింకా కోపం దిగలేదు.

పిల్లలు కలగలేదని, పెళ్లైనప్పటి నుంచీ దానికి చేయించని పరీక్ష లేదు. థైరాయిడ్ చూశారు, స్కానింగులు తీశారు, ట్యూబుల టెస్టు చేయించారు. ఆ టెస్టు నొప్పి ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. మోపిదేవి మొక్కూ అయింది. మరి మొగుడికో? ఒక్కటీ లేదు. డబ్బాలో నమూనా ఇస్తే అయిపోయే వీర్య పరీక్ష, సూది లేదు, మత్తు లేదు, కొన్ని వందల రూపాయలు. "మా వాడికేం, నిలువెత్తు మనిషి" అంటుంది వాళ్లత్త. ఎత్తుకీ దీనికీ సంబంధమేంటండీ?

ఆ మనిషి రోజంతా బేకరీలో బట్టీ ముందు నిలబడతాడు. 37 డిగ్రీల ఒంటి వేడిలో వీర్యకణాలు సరిగ్గా తయారవ్వవు. 2 నుంచి 4 డిగ్రీలు తక్కువుండాలి, అందుకే వృషణాలు ఒంటి బయట ఉన్నాయి. లోపలికెళ్లే వేడి రక్తాన్ని, పక్కనే సిరల్లో తిరిగొచ్చే రక్తం చల్లబరుస్తుంది. ఆ సిరలు ఉబ్బితే ఆ చల్లబరచడం దెబ్బతింటుంది, దాన్నే వేరికోసీల్ అంటారు. నూటికి 15 మంది మగవాళ్లకి ఉంటుంది, పిల్లలు కలగక ఆస్పత్రికొచ్చే మగవాళ్లలో అయితే మూడో వంతుకి పైనే. చాలామందికి నొప్పి కూడా తెలీదు. గట్టి జ్వరమొచ్చి తగ్గినా కొన్ని వారాల పాటు వీర్యకణాల కౌంటు పడిపోవచ్చు. కణం తయారవ్వడానికే దాదాపు 74 రోజులు కదా, ఇవాళ పని మారినా రిపోర్టు మారడానికి మూడు నెలలు ఆగాలి.

అతనిలో లోపముందని నేననట్లేదు. చూడందే ఎలా తెలుస్తుంది? పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవాళ్ల వైపు నుంచీ కారణముంటుంది. అయినా కోడలు తినే ప్రతి ముద్దకీ వేడి లెక్కలు మాత్రం చూస్తారు. నువ్వులు వేడి, బొప్పాయి వేడి, ఆవకాయ వేడి! నిప్పు ముందు నిలబడే మొగుడి వేడి ఎవరికీ పట్టదు.

అసలు నా కోపం నిన్నటిది కాదు. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే మా మాస్టారు "ఇది ఇంట్లో చదువుకోండి" అని పేజీలు తిప్పేశారు. మేం తలలు దించుకున్నాం, వెనక బెంచీల్లో మగపిల్లలు కిసుక్కుమన్నారు. ఇప్పుడు వాళ్లే మొగుళ్లు, డాక్టరు ముందు నోరు పెగలదు. మేం తల్లులం. పుట్టిన మగబిడ్డకి రెండు వృషణాలూ కిందికి దిగాయో లేదో చూసుకోవాలని మాలో ఎంతమందికి తెలుసు? ఆరు నెలలకీ దిగకపోతే డాక్టరుకి చూపించి, ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయించాలి. లేకపోతే ఆ లోపలి వేడికి అది దెబ్బతింటుంది. పసివాడి జీవితం మాస్టారూ, అది చెప్పడానికి సిగ్గెందుకు?