ముందే తెలిసినా ఆపలేకపోయిన కాల్పులు

2021 నవంబర్ 30. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్. పదిహేనేళ్ల కుర్రాడు లెక్కల వర్క్‌షీట్ మీద తుపాకీ బొమ్మ గీశాడు. పక్కనే 'ఆలోచనలు ఆగడం లేదు, సాయం చేయండి' అని రాశాడు. అది చూసి టీచర్ కంగారు పడ్డారు. స్కూలు వాళ్లు తల్లిదండ్రులను పిలిపించారు. పిల్లాణ్ని వెంటనే కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లమని చెప్పారు. తమకు ఉద్యోగాలున్నాయంటూ ఇద్దరూ వెళ్లిపోయారు. అంతకు నాలుగు రోజుల ముందే తండ్రి ఒక పిస్టల్ కొన్నాడు. ఆ సంగతి స్కూలుకు చెప్పలేదు. కుర్రాడి స్కూల్ బ్యాగు ఎవరూ తెరిచి చూడలేదు. పిస్టల్ అందులోనే ఉంది. దాదాపు రెండు గంటల తర్వాత నలుగురు విద్యార్థుల ప్రాణాలు పోయాయి.

సామూహిక కాల్పులు జరిగిన ప్రతిసారీ అమెరికాలో ఒకే వాదన నడుస్తుంది. తుపాకులు నిషేధించాలని ఒక పక్షం, తుపాకీ ఉంచుకునే హక్కునిచ్చే రాజ్యాంగం రెండో సవరణ జోలికి రావొద్దని మరో పక్షం. వారం తిరిగేసరికి టీవీ కెమెరాలు ఇంకో ఊరికి వెళ్లిపోతాయి. పౌరుల చేతుల్లో దాదాపు 40 కోట్ల తుపాకులున్న దేశంలో, వాటిని సొంతం చేసుకోవడం పౌరుడి హక్కని 2008లోనే సుప్రీంకోర్టు తేల్చిన దేశంలో, పూర్తి నిషేధం సమీప భవిష్యత్తులో జరిగే పని కాదు. అలాగని ఏమీ చేయలేమనడం నాకు అస్సలు మింగుడుపడదు. ఎందుకంటే ఈ ఘటనల్లో చాలావాటి గురించి ముందే ఎవరో ఒకరికి తెలుసు. ఆ తెలిసినవాళ్లు భయంతో ఎవరి తలుపు తట్టాలి, తట్టాక తుపాకీని ఆ మనిషి నుంచి దూరం చేసే బాధ్యత ఎవరిది? అసలు చర్చ ఇక్కడ జరగాలి.

మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్‌నే తీసుకోండి. అక్కడి సైనిక రిజర్విస్టు (అవసరమైనప్పుడు సైన్యం పిలిచే సైనికుడు) ఒకడికి లేనిపోని మాటలు వినబడుతున్నాయనీ, ఇంట్లో పదికి పైగా తుపాకులున్నాయనీ 2023 మే నెలలోనే కుటుంబ సభ్యులు షెరిఫ్ (స్థానిక పోలీసు అధికారి) కార్యాలయానికి చెప్పారు. జులైలో సైన్యం అతన్ని మానసిక వైద్యశాలలో చేర్పించింది. సెప్టెంబర్‌లో తోటి సైనికుడొకరు, ఇతను సామూహిక కాల్పులకు పాల్పడతాడేమోనని పైఅధికారికి మెసేజ్ పెట్టాడు. షెరిఫ్ కార్యాలయం నుంచి డెప్యూటీ వెళ్లి తలుపు కొట్టాడు. లోపలి నుంచి పలుకు లేకపోవడంతో తిరిగొచ్చాడు. అక్టోబర్ 25 రాత్రి ఒక బౌలింగ్ కేంద్రంలో, ఒక బార్‌లో 18 మంది బలయ్యారు. కుటుంబం చెప్పింది, సైన్యానికి తెలుసు, పోలీసులకు తెలుసు. ఇంతమందికి తెలిసినా ఆ తుపాకులు ఆ ఇంట్లోనే ఉండిపోయాయి.

ఇలాంటి చోటే 'రెడ్ ఫ్లాగ్' చట్టాలు పనికొస్తాయి. ఒక మనిషి తనకో ఇతరులకో హాని చేసేలా ఉన్నాడని పోలీసులు, కొన్ని రాష్ట్రాల్లో కుటుంబ సభ్యులు కూడా, జడ్జిని ఆశ్రయించవచ్చు. ఆధారాలు చూసి జడ్జి కొద్ది రోజుల పాటు అమలయ్యే తాత్కాలిక ఉత్తర్వు ఇస్తారు. తర్వాత ఇరుపక్షాల వాదనలూ విని, అవసరమైతే సాధారణంగా ఏడాది దాకా తుపాకులు దూరం పెడతారు. అరెస్టు ఉండదు, నేరస్థుడనే ముద్ర పడదు, ప్రమాదం తప్పితే తుపాకులు తిరిగి ఇచ్చేస్తారు. 1999లో కనెటికట్ మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. పార్క్‌లాండ్ స్కూల్లో 17 మంది చనిపోయిన తర్వాత 2018లో ఫ్లోరిడా కూడా తెచ్చింది. అక్కడి గవర్నర్, శాసనసభ తుపాకీ హక్కులను సమర్థించే రిపబ్లికన్లవే. అదే చట్టంతో తుపాకీ కొనడానికి కనీస వయసును 21కి పెంచారు. కాల్పులకీ చట్టం మీద సంతకానికీ మధ్య నెల రోజులు కూడా లేవు. తలుచుకుంటే అవుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఈ చట్టాల వల్ల ఆత్మహత్యలు తగ్గడం నా దృష్టిలో ఇంకా పెద్ద సంగతి. 2022లో అమెరికాలో తుపాకీ వల్ల పోయిన 48 వేల పైచిలుకు ప్రాణాల్లో సగానికి మించి ఆత్మహత్యలే. కనెటికట్‌లో ఇలా తుపాకులు తీసుకున్న ప్రతి పది నుంచి ఇరవై సందర్భాలకు ఒక ఆత్మహత్య తప్పిందని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకుల బృందం లెక్కగట్టింది. ఆ ఒక్క ప్రాణం గురించి టీవీలో వార్త రాదు.

నేరం చేయకముందే, ఎదుటి మనిషి మాట పూర్తిగా వినకముందే ఆస్తి తీసుకోవడం న్యాయమా అని వ్యతిరేకులు అడుగుతారు. కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది. విడాకుల గొడవల్లో కక్షతో వేసే ఫిర్యాదులు ఉండొచ్చు. అందుకే విచారణ త్వరగా జరగాలి, తప్పుడు ఫిర్యాదుకు శిక్ష ఉండాలి. అయితే గృహహింస కేసుల్లో కోర్టు ఉత్తర్వు ఉన్నవారి నుంచి తుపాకులు దూరం పెట్టడం రాజ్యాంగబద్ధమేనని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో చెప్పింది. తుపాకీ హక్కుల వైపు గట్టిగా నిలబడే కోర్టే ఆ మాట అంది.

చట్టం ఉన్నంత మాత్రాన సరిపోదు కూడా. 2022 మేలో న్యూయార్క్ రాష్ట్రం బఫలోలోని సూపర్‌మార్కెట్‌లో పదిమంది నల్లజాతీయులను చంపిన పద్దెనిమిదేళ్ల యువకుడు, ఏడాది ముందు స్కూల్లో హత్య, ఆత్మహత్య గురించి రాస్తే విషయం పోలీసుల దాకా వెళ్లింది. న్యూయార్క్‌లో అప్పటికే రెడ్ ఫ్లాగ్ చట్టం ఉంది. దాన్ని వాడాలని ఎవరికీ తోచలేదు. ఆ తర్వాతే పోలీసులు విధిగా దరఖాస్తు చేయాలనే నిబంధన వచ్చింది. 'మంచివాడి చేతిలో తుపాకీ ఉంటే చాలు' అనేవారు యువాల్డీని గుర్తు తెచ్చుకోవాలి. అదే నెలలో ఆ టెక్సాస్ ఊరి బడికి దాదాపు నాలుగు వందల మంది సాయుధ పోలీసులు వచ్చారు. 77 నిమిషాల దాకా హంతకుణ్ని అడ్డుకోలేదు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు.

ఆక్స్‌ఫర్డ్ కేసు మాత్రం ఒక కొత్త దారి తెరిచింది. ఆ కుర్రాడి తల్లిదండ్రులిద్దరినీ జ్యూరీలు దోషులుగా తేల్చాయి. 2024 ఏప్రిల్‌లో ఒక్కొక్కరికి పది నుంచి పదిహేనేళ్ల జైలు పడింది. కొడుకు జరిపిన స్కూలు కాల్పులకు తల్లిదండ్రులు ఇలా నరహత్య నేరం కింద శిక్ష అనుభవించడం అమెరికాలో అదే మొదలు. తుపాకీకి తాళం వేయకపోవడం ఇకపై చిన్న అజాగ్రత్త కిందికి రాదు.

ఇది మనకు దూరపు వార్త కాదు. 2023 మే 6న డాలస్ దగ్గరి ఆలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో ఒక తెలుగు యువ ఇంజనీరు ఉన్నారు. ఫ్రిస్కో, ప్లేనో, ఆలెన్‌లలో వేల తెలుగు కుటుంబాలు ఆ మాల్‌కే బట్టలు కొనడానికి వెళ్తాయి. ఆలెన్ హంతకుణ్ని రెడ్ ఫ్లాగ్ చట్టం ఆపి ఉండేదని నేను అనను. కానీ ఆ రాష్ట్రం ఆ దారినే మూసేసింది. 2025లో టెక్సాస్ శాసనసభ అలాంటి ఉత్తర్వులు ఇవ్వడాన్నీ, అమలు చేయడాన్నీ నిషేధిస్తూ చట్టం చేసింది. సెప్టెంబర్ 1 నుంచి అది అమల్లో ఉంది. కొడుకు తీరు చూసి బెంబేలెత్తిన తల్లి కోర్టు మెట్లెక్కినా, తుపాకులు తీసుకోమని జడ్జి ఈ పద్ధతిలో చెప్పలేరు.

దొంగతనాల భయంతో ఇప్పుడు మనవాళ్లూ తుపాకులు కొంటున్నారు. 2024లో అట్లాంటా దగ్గర ఒక తెలుగు విద్యార్థి తన పుట్టినరోజు నాడే, కొత్తగా కొన్న వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. కొనేవాళ్లు తూటాలు ఒకచోట, తుపాకీ మరోచోట, రెండింటికీ తాళం పెట్టుకోవాలి. పిల్లల్ని స్నేహితుల ఇంటికి రాత్రి పడుకోవడానికి పంపేటప్పుడు తిండి పట్టింపులు అడుగుతాం, కుక్క ఉందా అని అడుగుతాం. ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా అని కూడా మొహమాటం లేకుండా అడగాలి. అక్కడి పిల్లల డాక్టర్లు చాలాకాలంగా ఇదే చెబుతున్నారు. అమెరికా పౌరసత్వం వచ్చి ఓటున్న తెలుగువారు టెక్సాస్‌లో తక్కువేం లేరు. ఆ శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరం జనవరిలో సమావేశమవుతుంది. ఓటు అడగడానికి గుడికీ, ఉగాది సభలకూ వచ్చే ప్రతి అభ్యర్థినీ 2025 నాటి ఆ నిషేధం ఎత్తేస్తారా లేదా అని మొహం మీదే అడగొచ్చు.